రెండో నంబరు మందుల కౌంటరు

ఇరవై తొమ్మిదేళ్లుగా గరుగుపేట ఏరియా ఆసుపత్రిలో కిటికీ వెనక నిలబడి మందులు ఇస్తున్నాను. ఇచ్చే ప్రతి కవరు మీదా మూడు గళ్లు గీసి, మింగాల్సిన పూటకి టిక్కు పెట్టడం నా అలవాటు. చదువు రానివాళ్లకోసం పొద్దుటి గడిలో సూర్యుణ్ణి, రాత్రి గడిలో నెలవంకను కూడా వేస్తాను. ఇంత సర్వీసులో చెప్పుకోదగ్గ పని ఒక్కటే చేశాను. ఒక బాలింతను మందుల కౌంటరుగా నడిపాను. అందుకు నాకు ఒక ప్రశంసాపత్రం, ఒక మెమో వచ్చాయి. రెండింటి మీదా సంతకం ఒకరిదే.

ఆ సంతకం పరాంకుశం గారిది. ఆ ఏడాదిని పైవాళ్లు మందుల భద్రతా వత్సరంగా ప్రకటించి, ప్రతి ఆసుపత్రికీ ఒక నాణ్యతాధికారిని వేశారు. మాకు వచ్చిన పరాంకుశం గారు అంతకుముందు పద్దెనిమిదేళ్లు గిడ్డంగుల శాఖలో చేశారు. ధాన్యం బస్తాలకు ఒక రకం నంబర్లు, ఎలుకలు కొట్టిన బస్తాలకు ఇంకో రకం నంబర్లు వేయించి మంచి పేరు తెచ్చుకున్న మనిషి. నిజాయితీపరుడు, ఎవరి చేతి టీ కూడా తాగడు. చేతివాటం ఉన్న అధికారితో ఎలాగో వేగవచ్చు గాని, ఇలాంటి మనిషితో వేగడం బ్రహ్మతరం కూడా కాదు.

వచ్చిన వారం తిరక్కుండానే ఆయన ఎర్ర చుక్కలు ప్రవేశపెట్టారు. జాగ్రత్తగా వాడాల్సిన మందు ఏదైనా సరే, కవరు మీద ఎర్ర చుక్క అంటించి, మంచం దగ్గరికి స్వయంగా తీసుకెళ్లి, వివరించి ఇవ్వాలి. అందులో తప్పేమీ లేదు. ఇన్సులిన్‌కి అంటించాను, మూర్ఛ మాత్రలకి అంటించాను, రక్తం పలచబరిచే మాత్రలకి అంటించాను. నాలుగు రోజులకు "చుక్కల వినియోగం సంతృప్తికరముగా లేదు" అని కాగితం వచ్చింది. అప్పటినుంచి ఇంకొంచెం పెద్ద చుక్క అంటించసాగాను.

బాలింతల వార్డులో తొమ్మిదో నంబరు మంచం మీద సంతోషి అని ఇరవై రెండేళ్ల పిల్ల ఉండేది. తొలికాన్పు, ఆపరేషను చేసి ఆడపిల్లను తీశారు. అయిదో రోజున ఎడమకాలు తొడదాకా వాచింది. కాలి నరంలో రక్తం గడ్డకట్టిందని డాక్టర్ హైమావతి గారు పట్టుకుని, పొట్ట మీద సూదులు మొదలుపెట్టి, మర్నాటినుంచి మాత్రలు కూడా రాశారు. హైమావతి గారు మా ఊళ్లో సగం మందికి బొడ్డు కోసిన మనిషి. ఎర్ర చుక్క కవరు పట్టుకుని నేను వెళ్లేసరికి ఆవిడ మంచం పక్కనే ఉన్నారు.

"సూదులు ఇంకో అయిదు రోజులే. ఆ తర్వాత నిన్ను కాపాడేది ఈ మాత్రే. ఒక్క రోజు కూడా మానకూడదు. మానితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తిలోకి పోతుంది. అక్కడికి పోయాక నా చేతిలో ఏమీ ఉండదు" అన్నారావిడ.

"మరి గుంటకి పాలో, అమ్మా?" అంది సంతోషి.

"నిక్షేపంలా ఇచ్చుకో. రక్తం పలచబరిచే మందులన్నీ ఒక్కలాంటివి కావు, అందుకే పాలిచ్చే తల్లికి సరిపడేదే చూసి రాశాను. ఇది పాలల్లోకి దిగడం లేనట్టే. పాపకి పుట్టినరోజే విటమిన్ కె సూది కూడా వేశాం. ఎక్కడైనా కమిలినట్టు మచ్చ కనిపిస్తే చెప్పు, చూస్తాను."

సంతోషి అత్త ఎర్నమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. పిల్ల పాలు తాగుతూనే ఉంది. కథ అక్కడితో కంచికి పోవలసింది. మర్నాడు పొద్దున్నే పరాంకుశం గారు వార్డు తనిఖీకి వచ్చారు. పిల్ల తల దగ్గర, తలగడ మీద పెట్టిన మందు కవరుకి నేను అంటించిన ఎర్ర చుక్క కనిపించింది.

"ఈ చుక్క ఎవరిది?" అన్నారాయన.

"తల్లిదండి" అన్నాను.

"అనగా తల్లి లోపల మందు ఉన్నది. తల్లి లోపలి నుండి శిశువు లోపలికి ఏదో పోవుచున్నది. అదేమిటి?"

"పాలండి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, పిల్లని చాలాసేపు చూశారు. పిల్ల ఆయన్ని పట్టించుకోలేదు.

గంటలో సూపరింటెండెంటు చిదంబరరావు గారి గదిలో సమావేశం పెట్టారు. చిదంబరరావు గారి రిటైరుమెంటుకి ఇంకా ఏడు నెలలుంది. ఆ ఏడు నెలలూ ఏమీ జరక్కుండా గడిస్తే కొండకు నడిచి వస్తానని మొక్కుకున్నారు.

"సదరు పాలలో మందు ఎంత ఉన్నది మేడం?" అన్నారు పరాంకుశం గారు.

"లేనట్టే" అన్నారు హైమావతి గారు.

"లేదు అని సంతకం పెడతారా, లేనట్టే అని పెడతారా?"

"వైద్యంలో లేనట్టే అనే అంటాం. పాపకి ఏ హానీ లేదని రాసి ఇస్తాను. ఎన్ని కావాలంటే అన్ని ప్రతులు ఇస్తాను."

"గిడ్డంగిలో లేనట్టే అనే బస్తా ఉండదు మేడం. ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు. దగ్గుమందు సీసాలో అధికభాగం నీళ్లే. దానిని మనం మంచినీళ్లు అంటున్నామా? మందు అంటున్నాం. ఆ ప్రకారం లేశమాత్రం మందు ఉన్నను సదరు పాలు మందే. మందును పంపిణీ చేయుచున్న సదరు తల్లి, విధానపరంగా చూచినచో, మందుల షాపు. లైసెన్సు లేని మందుల షాపు."

నాకు నవ్వొచ్చి, దాన్ని దగ్గు కింద మార్చాను. హైమావతి గారికి నవ్వు రాలేదు. "ఆ పిల్లకి ఆకలేస్తే మీరు పోస్తారా?" అన్నారు. పరాంకుశం గారు ఆ మాట కూడా మినిట్స్‌లో రాసుకున్నారు. చిదంబరరావు గారు ఇద్దరి వైపూ చూసి, "ఎవరికీ ఇబ్బంది లేకుండా ప్రస్తుతానికి ఆపుదాం" అన్నారు. ఇరవై నిమిషాల్లో కాగితం టైపయింది. 'స్పష్టత వచ్చువరకు తొమ్మిదవ నంబరు మంచం నుండి పాల పంపిణీ నిలుపుదల చేయడమైనది.'

ఎర్నమ్మ బజారుకి పరిగెత్తి డబ్బాపాలు కొనుక్కొచ్చింది. గేటు దగ్గర సెక్యూరిటీ ఆపేశాడు. మా గేటు మీద, 'తల్లిపాలే అమృతం, ఈ ఆవరణలో డబ్బాపాలు నిషిద్ధం' అని మూరెడేసి అక్షరాలతో బోర్డు ఉంది. నిరుడు తల్లిపాల వత్సరం. దానికి మాకు షీల్డు కూడా వచ్చింది. నిరుటి ఉత్సాహం డబ్బాను ఆపింది, ఈ ఏటి ఉత్సాహం తల్లిని ఆపింది, పిల్ల మధ్యలో గొంతు చించుకుంటోంది.

"ఇదెక్కడి సోద్యం బాబూ" అంది ఎర్నమ్మ నా కిటికీ దగ్గరికి వచ్చి. "అమ్మపాలు ఒద్దని ఒక కాయితం, డబ్బాపాలు ఒద్దని ఇంకో కాయితం. కాయితాలు నానబెట్టి పట్టమంటారేటి గుంటకి?"

పదో నంబరు మంచం మీద కనకరత్నం అని ఇంకో బాలింత ఉంది. ఆమెకు కవలలు. అయినా పిల్ల ఏడుపు వినలేక తీసుకుని ఒడిలో పెట్టుకుంది. ఆ కబురు పరాంకుశం గారికి చేరింది. ఆయన వచ్చి, ఆమె ఏమేమి మందులు వాడుతోందని అడిగారు. రక్తం పట్టే మాత్రలు, నొప్పి మాత్రలు అని చెప్పాను. సీసాలో నల్లగా ఉన్నదేమిటన్నారు.

"కాయవండి" అంది ఎర్నమ్మ గర్వంగా. "శొంఠి, పిప్పళ్లు, బెల్లం, నెయ్యి ఏసి నానే వొండి ఈయమ్మకీ ఎట్టినాను. బాలింతలకి మంచి మందు."

ఆ ఆఖరి మాట అనకుండా ఉండవలసింది. పదహారు మంచాల కిందా పదహారు సీసాల కాయం దొరికింది. పదహారు మంది తల్లులూ లైసెన్సు లేని షాపులని తేలి, పదహారు మంచాల్లోనూ పంపిణీ ఆగింది. పదిహేడు మంది పిల్లలు ఒక్కసారిగా ఎత్తుకున్నారు. ఆ సమయంలో చిదంబరరావు గారు పైవాళ్లతో వీడియో సమావేశంలో ఉన్నారు. ఆ ఏడుపు అటువైపు కూడా వినపడిందట. ముప్పావుగంటలో సవరణ వచ్చింది. 'ఎర్ర చుక్క లేని పాలకు మినహాయింపు ఇవ్వడమైనది. అయితే ఒక మంచం స్టాకును మరొక మంచానికి బదిలీ చేయరాదు.'

అలా పదిహేను మంది తల్లులకు విముక్తి కలిగింది. సంతోషి ఒక్కతే మిగిలిపోయింది. కనకరత్నం, పరాంకుశం గారి చెప్పుల చప్పుడు దూరమయ్యాక, తన ఇద్దరికీ పట్టగా మిగిలిన కాసిని పాలు ఈ పిల్లకి ఇచ్చేది. ఇద్దరికే చాలని చోట మూడో మనిషికి ఎన్ని మిగులుతాయి.

సంతోషికి పాలు చేపుకొచ్చి, రొమ్ములు గట్టిపడి, జ్వరం తగిలింది. పిండి పారబోయకపోతే చీము పడుతుందని హైమావతి గారు గట్టిగా చెప్పారు. దానికి పరాంకుశం గారు అభ్యంతరం పెట్టలేదు. కాలం చెల్లిన మందును ధ్వంసం చేసేటప్పుడు పాటించే పద్ధతే పాటించమన్నారు. అనగా ఇద్దరు సాక్షులు ఉండాలి. రోజుకి ఆరుసార్లు నర్సమ్మ గిన్నె పట్టుకొస్తే, నేనూ వార్డు ఆయా తూము దగ్గర నిలబడి సంతకాలు పెట్టేవాళ్లం. గిన్నె వంచుతుంటే వార్డులోంచి ఆ పిల్ల ఏడుపు వినపడేది. నాకు ఇద్దరు మనవలు. ఆ రెండ్రోజులూ నేను మజ్జిగన్నం కూడా తినలేకపోయాను.

మూడో రోజున సంతోషి రక్తపరీక్ష వచ్చింది. హైమావతి గారు దాన్ని పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. "మాత్ర పనిచేస్తున్న జాడే లేదు. ఎల్లుండి సూదులు ఆపాలి. మీరిచ్చిన మందు సరైనదేనా?" అని అడిగారు. నా ఉద్యోగంలో ఎవరూ నన్నా ప్రశ్న అడగలేదు. బ్యాచి నంబరు సరిచూసుకుని, వార్డుకి వెళ్లాను.

కవరు ఖాళీగానే ఉంది. సంతోషి తల వంచుకుని కూర్చుంది. నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. తనే చీర కొంగు ముడి విప్పింది. ముడిలో మూడు మాత్రలున్నాయి.

"మింగితే పాలు మందైపోతాదని ఆ బాబు సెప్పినారు గదండి. మింగకపోతే అవ్వదు గదా. నాలుగు రోజులు మానేసి, అప్పుడు మీకు సూపించి, గుంటకి పాలిద్దావని" అంది.

"కాలిలో గడ్డ సంగతి డాక్టరమ్మ చెప్పారు కదమ్మా."

"సెప్పినారండి. నాకేటైనా అయితే గుంటని అత్త సూసుకుంటాది. పాలు నేకపోతే గుంటే ఉండదు గదా."

ఎర్నమ్మకి ఈ సంగతి అప్పుడే తెలిసింది. ఆమె కోడల్ని తిట్టడానికి నోరు తెరిచి, తిట్టలేక, చెంగు నోట్లో కుక్కుకుంది. నాకు సిగ్గేసింది. పరాంకుశం గారి మీద కోపం తర్వాత వచ్చింది, ముందు సిగ్గే వచ్చింది. చుక్క చాలలేదంటే ఇంకొంచెం పెద్దది తెచ్చి ఆ తలగడ మీద పెట్టిన చెయ్యి నాదే. నీళ్లు తెచ్చి, ఆ పూట మాత్ర నా ఎదురుగా మింగించాను. "సాయంత్రంలోగా నీ బిడ్డ నీ ఒళ్లో ఉంటుంది" అని మాటిచ్చేశాను. ఎలా అన్నది మాత్రం నాకే తెలియదు.

పరాంకుశం గారి గదికి మెట్లు ఎక్కుతూ ఆలోచించాను. బతిమాలితే ఆయన వినడు, హైమావతి గారు కోప్పడితే మినిట్స్‌లో రాసుకున్నాడు. గిడ్డంగి మనిషికి గిడ్డంగి మాటే చెప్పాలి.

"సార్, తమరు చెప్పింది రాత్రంతా ఆలోచించానండి. తల్లి మందుల షాపే, సందేహం లేదు" అన్నాను.

పరాంకుశం గారు కుర్చీ చూపించారు. నాకు ఆయన గదిలో కుర్చీ దొరకడం అదే మొదలు.

"షాపుకైతే లైసెన్సు కావాలి సార్. కాని మన ఆసుపత్రి కౌంటరుకి విడిగా లైసెన్సు లేదు కదండి. డాక్టరు చీటీ ఉండి, ఫార్మసిస్టు ఎదురుగా ఉంటే చాలు. నాది ఒకటో నంబరు కౌంటరు. సదరు తల్లిని రెండో నంబరు కౌంటరుగా చూపిస్తే?"

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్లి బయటికి చూస్తూ నిలబడ్డారు. "ఉప గిడ్డంగి" అన్నారు మెల్లిగా. ఇటు తిరిగేసరికి ఆయన కళ్లు చెమ్మగిల్లి ఉన్నాయి.

సాయంత్రం నాలుగింటికి ప్రారంభోత్సవం. తొమ్మిదో మంచానికి రిబ్బను కట్టారు. 'మందుల పంపిణీ కౌంటరు నం. 2' అని తల వైపు బోర్డు పెట్టారు. చిదంబరరావు గారు రిబ్బను కత్తిరించి, రాష్ట్రంలోనే ఇది ప్రథమమని, ఇందులో తన పాత్ర ఏమీ లేదని చెప్పారు. మొదటి బ్యాచి నుంచి చెంచాడు నమూనా తీసి, సీసాలో పోసి, లక్కతో సీలు వేసి, పరీక్షకి రాజధానికి పంపారు. పిల్ల ఎర్నమ్మ భుజం మీద ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి ఉంది. సంతోషి చేతులు చాచింది.

"ఒక్క నిమిషం" అన్నారు పరాంకుశం గారు. "లేబులు ఏదీ?"

మందన్నాక లేబులు ఉండాలి. మా స్టోర్సులో అచ్చువేసినవి వేలకొద్దీ ఉన్నాయి. ఒకటి తెచ్చి మంచానికి అంటించారు. పరాంకుశం గారు దాన్ని పైకి చదివారు. "ఎండ తగలని చోట ఉంచవలెను. చల్లని ప్రదేశమున ఉంచవలెను. పిల్లలకు..."

అక్కడ ఆగిపోయారు. నేను వంగి చూశాను. 'పిల్లలకు అందకుండా ఉంచవలెను.'

ఎర్నమ్మ భుజం మీద పిల్ల కదిలి, వాసన పట్టి, తల్లి వైపు తిరిగింది. పరాంకుశం గారు ఆ పిల్లనీ, లేబులునీ మార్చి మార్చి చూశారు. ఆ క్షణంలో ఆయన పడిన బాధ నిజమైన బాధ. అది నేను ఒప్పుకోవాలి.

"సార్, ఈమె పిల్ల ఎలా అవుతుందండి, రోగి కదా" అన్నాను. "ఓపీ చీటీ రాయిస్తే రోగి. రోగికి మందు అందాల్సిందే."

అయిదు నిమిషాల్లో పిల్ల పేరున ఓపీ చీటీ వచ్చింది. పేరు పెట్టలేదు కనుక 'సంతోషి పాప, వయస్సు పది రోజులు, వృత్తి లేదు' అని రాశారు. హైమావతి గారు మందు చీటీ రాశారు. 'తల్లిపాలు. కడుపు నిండేవరకు. ఏడ్చినప్పుడల్లా.'

"ఏడ్చినప్పుడల్లా అనునది పూట కాదు మేడం" అన్నారు పరాంకుశం గారు.

"పదిరోజుల పిల్లకి అదొక్కటే పూటండి" అన్నారావిడ.

నేను కవరు తీసి అలవాటుగా మూడు గళ్లు గీశాను. సూర్యుడూ సరిపోలేదు, నెలవంకా సరిపోలేదు. మూడు గళ్లలోనూ నోరు తెరిచి ఏడుస్తున్న బుల్లి మొహం వేసి, మంచానికి వేలాడదీశాను. తెర దించారు. నేను తెర ఇవతల నిలబడి, రిజిస్టరులో టైము వేసి, "పంపిణీ చేయవచ్చు" అన్నాను. తెర అవతల ఏడుపు ఠక్కున ఆగింది. ఆ తర్వాత గుటకలు వినపడ్డాయి. రిజిస్టరు మీద సిరా చెదిరిందని మర్నాడు పరాంకుశం గారు అడిగితే, చెమట పడిందని చెప్పాను.

మర్నాటి నుంచి కౌంటరు పనివేళలు వచ్చాయి. పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు. ఒంటిగంటా పదికి పిల్ల ఎత్తుకుంది. తెర దగ్గర 'భోజన విరామం' అట్ట వేలాడుతోంది.

"బోజనాల టైమైతే గుంటకీ బోజనాల టైమే కదేటి బాబూ?" అని ఎర్నమ్మ పరాంకుశం గారిని నిలదీసింది.

ఆయన చేతి పుస్తకం మూడుసార్లు తిరగేశారు. చివరికి ఏడుపును అత్యవసర విభాగంలో చేర్చారు. దాంతో ఇరవైనాలుగు గంటలూ రోగి వచ్చే కౌంటరు రాష్ట్రంలో అదొక్కటే అయింది. నన్ను చూడ్డానికి పక్క ఆసుపత్రుల ఫార్మసిస్టులు ఇద్దరు వచ్చి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లారు. నవ్వి నవ్వి వచ్చిన నీళ్లవి.

సంతోషి రోజూ నా ఎదురుగా మాత్ర మింగేది. హైమావతి గారు రక్తం కుదిరేదాకా సూదులు ఇంకో మూడు రోజులు పొడిగించారు. కాలి వాపు తగ్గింది. పదహారో రోజున ఇంటికి పంపొచ్చని ఆవిడ రాశారు. అప్పుడు పరాంకుశం గారు, పై ఉత్తర్వు లేకుండా కౌంటరును ఆసుపత్రి ఆవరణ దాటించడం కుదరదన్నారు.

ఈసారి నాకు మెట్లెక్కే పని కూడా లేకపోయింది. ఏ రోగినైనా ఇంటికి పంపేటప్పుడు వాడాల్సిన మందు కట్టి ఇస్తాం. ఇక్కడ రోగి పాప. ఆమె వాడాల్సిన మందు సంతోషి. 'ఇంటికి ఇచ్చిన మందు' అన్న గడిలో సంతోషి పేరు రాసి, పుచ్చుకున్నట్టుగా పాప కాలిముద్ర వేయించాను. పరాంకుశం గారు ఆ కాగితాన్ని వెలుగులో పెట్టి చూసి, తప్పేమీ దొరక్క, నాతో కరచాలనం చేశారు. వారం తిరిగేసరికి ప్రశంసాపత్రం వచ్చింది. మా ఆవిడ దాన్ని పటం కట్టించింది.

రెండున్నర నెలలు గడిచాయి. సంతోషి వారం వారం రక్తపరీక్షకి వచ్చేది. వచ్చినప్పుడల్లా ఖాళీ అట్టలు తెమ్మని చూసేవాణ్ణి. ఒక్క మాత్ర కూడా మిగల్లేదు. ఈలోగా రాజధాని నుంచి చెంచాడు నమూనా నివేదిక వచ్చింది. అందులో ఒకటే వాక్యం ఉంది. 'నమూనాయందు సదరు మందు కనుగొనబడలేదు.'

హైమావతి గారు దాన్ని చూసి, "నేను చెప్పిందే కదా" అని తన పనికి వెళ్లిపోయారు. చిదంబరరావు గారు దేవుడి పటానికి దణ్ణం పెట్టుకున్నారు. మూడో రోజున నా చేతికి మెమో వచ్చింది.

'ప్రభుత్వ పరీక్ష ననుసరించి, కౌంటరు నం. 2 ద్వారా మందుగా పంపిణీ చేయబడిన ద్రవమునందు మందు లేదని రుజువైనది. మందు అని పేర్కొని మందు లేని ద్రవమును పంపిణీ చేయుట నకిలీ మందు పంపిణీ క్రిందికి వచ్చును. కావున మీపై ఎందుకు చర్య తీసుకొనరాదో మూడు దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను. సదరు నకిలీ మందు వాడిన రోగి పరిస్థితిని తెలుపవలెను. రోగి వద్ద మిగిలిన స్టాకును తక్షణము వెనుకకు రప్పించి సీలు వేయవలెను.'

నిలబడి రెండుసార్లు చదివాను. ఆ వేళ సంతోషి పరీక్ష రోజు. కిటికీ ముందు ఎర్నమ్మ, వెనక బెంచీ మీద పిల్లతో సంతోషి ఉన్నారు.

"ఏటి బాబూ, మొకం అలాగైపోనాది? ఆ కాయితం ఏటి?" అంది ఎర్నమ్మ.

"మీ కోడలి పాలలో మందు లేదట, అమ్మా."

"మరదే గదా డాకటరమ్మ మొదట్నే సెప్పినాది. దానికి ఇన్నాళ్లు పట్టినాదా మీ వోళ్లకి?" అని, గుడ్డసంచిలోంచి మడత పెట్టిన కవరు ఒకటి తీసి చూపించింది. మూడు బుల్లి మొహాలు వేసిన కవరు. "దీన్ని మాత్రం పారీలేదు బాబూ. గుంట పెద్దయ్యాక సూపిత్తాను."

పిల్లని త్రాసు మీద పడుకోబెట్టాను. పుట్టినప్పుడు రెండు కిలోల ఆరువందలు, ఇప్పుడు అయిదు కిలోల రెండువందలు. ఒంటిమీద ఎక్కడా ఒక్క మచ్చ లేదు. త్రాసు మీదే కాళ్లు తన్ని, ఏడుపు అందుకుంది. సంతోషి తీసుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. గుటకలు నాకు కిటికీ దాకా వినిపించాయి.

తెల్లకాగితం తీసుకుని సంజాయిషీ రాశాను. నకలు నా దగ్గర ఉంది.

'అయ్యా, నకిలీ మందు పంపిణీ చేసిన మాట నిజమే. సదరు మందు వాడిన రోగి రెండు కిలోల ఆరువందల గ్రాములు పెరిగినది. మిగిలిన స్టాకును వెనుకకు రప్పించుటకు తమ ఉత్తర్వు ప్రకారము నేను స్వయముగా వెళ్లితిని. రోగి వదలలేదు.'